మందుబిళ్లల తయారీలో నురుగు

నురుగు అనగానే సముద్రపు టలలపై తేలు తెల్లని తరగ, పాలు పితుకునపుడు చెంబులో పొంగు బుడగలు, తలంటునాడు కుంకుడురసమునుండి లేచు పొంగు స్ఫురించును. అది చూచుచుండగనే అణగిపోవును. అందుచేతనే నిలకడలేని దానిని నురుగుతో పోల్చుట వాడుక. ఇట్టి నురుగు నేడు ఔషధపరిశ్రమలో ఒక పనిముట్టుగా ఉపయోగపడుచున్నది. మెత్తని మందుపొడిని గుళికలుగా కట్టుటకు జిగురుద్రవము కావలెను. ఆ ద్రవమును నురుగుగా మార్చి పొడిపై వేయు పద్ధతి 2004 లో ప్రకటింపబడినది. నురుగులో గాలి పాలెంత, నీటి పాలెంత, బుడగలు ఎంతసేపు నిలుచును అను విషయములనుబట్టి గుళికలు మారును. గుళికలనుబట్టి బిళ్ల యుండును. బిళ్లనుబట్టి రోగి శరీరమున మందు కరుగును. ఈ గొలుసులోని లంకెలను ఒకటొకటిగా పరిశీలింతము.

పొడిని గుళికలుగా ఏల చేయవలెను?

పొడిని అచ్చులో నొక్కి బిళ్ల చేయు ఆలోచన పాతదే. విలియం బ్రాకెడన్ అను ఆంగ్లేయుడు 1843 లో ఇందుకు పేటెంటు పొందెను. ఆయన చిత్రకారుడు. పెన్సిలులో పెట్టు గ్రాఫైటుపొడిని అచ్చులో ఒత్తి గట్టిపరచు ఉపాయముతోనే మందుమాత్రలను కూడ చేయవచ్చునని ఆయన చూపెను. నేటి యంత్రములు గంటకు లక్షల కొలది బిళ్లలను ఒత్తుచున్నవి. కాని మూలసూత్రము నాటిదే: ఒక చిన్న గుంటలో పొడి నింపవలెను, పైనుండియు క్రిందినుండియు నొక్కవలెను, బిళ్లను వెలికి తీయవలెను.

ఇందొక సంగతి గమనింపదగినది. యంత్రము పొడిని తూచి నింపదు, కొలిచి నింపును. గుంట ఎంత పట్టిన అంతయే పొడి. కనుక ప్రతి పర్యాయము గుంట ఒకే తీరున నిండిననే బిళ్లల బరువు సమానముగా నుండును. మెత్తని పొడి అట్లు నిండదు. ఇంటిలో మైదాపిండిని, బొంబాయిరవ్వను రెండు గరాటులలో పోసి చూచినచో ఇది తెలియును. రవ్వ జలజల జారును. పిండి గరాటు గొంతులో వంతెన కట్టుకొని నిలిచిపోవును. రేణువు చిన్నదగుకొలది దాని బరువు త్వరగా తగ్గును. రేణువుల మధ్యనుండు ఆకర్షణ అంత త్వరగా తగ్గదు. సుమారు 100 మైక్రానులకంటె, అనగా మిల్లీమీటరులో పదవవంతుకంటె చిన్నవైన రేణువులలో ఈ అంటుకొను గుణమే పైచేయి యగును.

రెండవ చిక్కు విడిపోవుట. అటుకుల డబ్బాను నాలుగు మారులు కుదిపినచో నూక అడుగునకు చేరును, పెద్ద అటుకులు పైకి వచ్చును. మందుపొడులలో కూడ ఇట్లే జరుగును. బిళ్లలో ఉన్నదంతయు మందు కాదు. లాక్టోజు అను పాలచక్కెర, పిండిపదార్థములు మొదలైనవి దానిలో కలుపుదురు. వీని రేణువుల పరిమాణము వేరు, మందురేణువుల పరిమాణము వేరు. ఎంత చక్కగా కలిపినను, యంత్రపు కుదుపులలో అవి తిరిగి వేరుపడవచ్చును.

దీనివలన వచ్చు అపాయమును ఒక లెక్కతో చూడవచ్చును. గుండెజబ్బునకు వాడు డిజాక్సిన్ అను మందు సాధారణముగా ఒక బిళ్లలో 0.25 మిల్లీగ్రాము మాత్రమే యుండును. బిళ్ల బరువు 100 మిల్లీగ్రాములనుకొన్నచో, 400 పాళ్లలో ఒక పాలు మాత్రమే మందు. ఆ ఒక్క పాలు ప్రతి బిళ్లలోను సమముగా పడవలెను. ఈ మందునకు మేలు చేయు మోతాదునకును కీడు చేయు మోతాదునకును దూరము చాల తక్కువ. తగ్గినచో గుండెకు సహాయ మందదు, హెచ్చినచో విషమగును.

మోతాదు సరిపోయినంత మాత్రమున పని ముగియదు. 1971 లో అమెరికాలో లిండెన్‌బామ్ అను వైద్యుడును ఆయన సహచరులును వేరువేరు తయారీల డిజాక్సిన్ బిళ్లలను పోల్చి చూచిరి. బిళ్లపై వ్రాసిన మోతాదు ఒక్కటే. అయినను రక్తములో కనబడిన మందు పాలులో ఏడురెట్ల వరకు తేడా వచ్చెను. బిళ్లలనుండి మందు కరుగు వేగములోని భేదమే దీనికి ముఖ్యకారణమని తరువాతి పరిశోధనలలో తేలినది. అనగా బిళ్లలో ఏమున్నది అను ప్రశ్న యెంత ముఖ్యమో, అది యెట్లు చేయబడినది అనునదియు అంత ముఖ్యమే.

మెత్తని పొడిని రవ్వవలె చేసినచో పై చిక్కులు చాలవరకు తీరును. మందురేణువులు, కలుపుడు పదార్థముల రేణువులు ఒకే పలుకులో బంధింపబడుటచే విడిపోవు. పలుకులు రవ్వవలె జారును. దుమ్ము లేవదు. ఇట్టి పలుకులకే గుళికలని పేరు. బిళ్లల కొరకు చేయు గుళికలు సాధారణముగా 0.2 నుండి 0.5 మిల్లీమీటరు వరకు ఉండును.

గుళిక పుట్టుక

గుళిక కట్టుట తెలుగువారి వంటయింటికి క్రొత్త గాదు. బూందీని లడ్డుగా నిలిపి యుంచునది పాకము. సున్నుండను నిలుపునది నేయి. ఔషధశాలలో ఈ పని చేయు పదార్థమును బంధకము అందురు. గంజి, జెలటిను, తుమ్మజిగురు పూర్వమునుండి వాడుకలో నున్న బంధకములు. ప్రత్తిపీచునుండి గాని, కొయ్యగుజ్జునుండి గాని లభించు సెల్యులోజును రసాయనికముగా మార్చి చేసిన హైప్రోమెల్లోజు అను పదార్థము నేడు విరివిగా వాడబడుచున్నది.

పొడిని పెద్ద గిన్నెలో పోసి తెడ్లతో త్రిప్పుచు బంధకద్రావణమును కలుపుదురు. అపుడు మూడు దశలు జరుగును. మొదటిది తడియుట: ద్రవము పడినచోట కొన్ని రేణువులు కలిసి చిన్న కేంద్రకముగా ఏర్పడును. రెండవది పెరుగుట: కేంద్రకములు ఒకదానితో నొకటి ఢీకొని, అంటుకొని, బిగిసి పెద్దవగును. మూడవది విరుగుట: తెడ్ల దెబ్బకు పెద్ద ముద్దలు పగులును. ఈ మూడును ఒకేసారి జరుగుచుండును. తుదకు తడిగుళికలను ఆరబెట్టి, జల్లించి, బిళ్లల యంత్రమునకు పంపుదురు.

తడి రేణువులను కూర్చి యుంచునది మొదట నీరే. రెండు రేణువుల నడుమ నీటివంతెన యేర్పడి, తలతన్యతవలన వానిని దగ్గరకు లాగును. తడి ఇసుకతో పిల్లలు గూళ్లు కట్టగల్గుట ఇందువలననే. ఆ గూడు ఎండగనే రాలిపోవును. గుళిక అట్లు రాలిపోదు. నీరు ఆవిరియైన పిదప దానిలో కరిగియున్న బంధకము గట్టి వంతెనయై నిలుచును.

తుంపరలోని చిక్కులు

అన్నిటికంటె కీలకమైనది మొదటి దశ. రొట్టెపిండిలో నీరంతయు ఒకేచోట పోసినచో అచట ముద్ద కట్టును, చుట్టును పొడిపిండి మిగులును. ఎంత పిసికినను ఆ ముద్దలు పూర్తిగా విడిపోవుట కష్టము. కర్మాగారమున వందల కిలోల పొడి యుండును. చేతితో చిదుపుటకు వీలులేదు.

అందుచేత ద్రావణమును సన్నని రంధ్రముగల నాజిలుద్వారా తుంపరగా చల్లుదురు. ప్రతి బొట్టును పొడిలో వేరొకచోట పడి, ఒక్కొక్క కేంద్రకమును పుట్టించవలెనని ఉద్దేశము. కాని బొట్లు పెద్దవైనచో కేంద్రకములు పెద్దవగును. త్వరగా చల్లినచో ఒక బొట్టు ఇంకకముందే దానిపై మరియొకటి పడి రెండును కలిసిపోవును. నెమ్మదిగా చల్లినచో కాలము వృథా యగును. చిక్కని జిగురు నాజిలు రంధ్రమును మూసివేయును. నాజిలు ఎంత ఎత్తున, ఏ కోణమున నుండవలెను అను విషయము గిన్నె మారినప్పుడెల్ల క్రొత్తగా నిర్ణయింపవలసి యుండును. ప్రయోగశాలలో ఒక కిలోకు కుదిరిన ఏర్పాటు కర్మాగారమున వంద కిలోలకు కుదరకపోవచ్చును.

అమెరికాలోని డౌ కెమికల్ సంస్థకు చెందిన కియరీ, షెస్కీ అను శాస్త్రజ్ఞులు ఈ చిక్కునకు వేరొక దారి చూపిరి. హైప్రోమెల్లోజు ద్రావణమును గాలితో చిలికి, గడ్డము గీచుకొనుటకు వాడు సబ్బునురుగువంటి నురుగుగా చేసి, నాజిలు లేకుండ గొట్టముద్వారా కదలుచున్న పొడిపై వేసిరి. 2004 లో వారు ప్రకటించిన ప్రాథమిక నివేదికయే ఈ పద్ధతికి నాంది.

నురుగు అనగానేమి?

ద్రవములో వాయుబుడగలు కిక్కిరిసి యున్నచో అది నురుగు. మజ్జిగ చిలుకునపుడు కవ్వము గాలిని లోనికి లాగి బుడగలుగా చీల్చును. నురుగు చేయు యంత్రములో కూడ దాదాపు ఇదే పని జరుగును. ఒకవైపునుండి ద్రావణము, మరియొకవైపునుండి గాలి కొలతప్రకారము వచ్చి, వేగముగా తిరుగు పళ్లచక్రముల నడుమ చిలుకబడును.

శుద్ధజలమును ఎంత చిలికినను నురుగు నిలువదు. 25 డిగ్రీల సెంటిగ్రేడువద్ద నీటి తలతన్యత సెంటిమీటరునకు సుమారు 72 డైనులు. ఉపరితలమును వీలైనంత తగ్గించుకొనవలెనను ఈ లాగుడుచేత బుడగలు వెంటనే కలిసి పగిలిపోవును. సబ్బుగాని, కుంకుడులోని సపోనిను గాని చేరినచో వాని అణువులు నీటి ఉపరితలమునకు చేరి తలతన్యతను తగ్గించును. బుడగచుట్టు పొరవలె నిలిచి దానిని కాపాడును. హైప్రోమెల్లోజునకు కూడ ఈ గుణము కొంత కలదు. కనుక అది ఒక్కటే రెండు పనులు చేయును: నురుగు కట్టును, ఆరిన పిదప జిగురగును. వేరుగ సబ్బువంటి పదార్థము కలుపనక్కరలేదు.

నురుగులో ద్రవముండు తావులు రెండు: బుడగల నడుమనుండు పలుచని పొరలు, ఆ పొరలు మూడేసి కలియుచోట ఏర్పడు సన్నని కాలువలు. ఈ కాలువలకు బెల్జియం దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు ప్లాటో పేరు పెట్టబడినది. మూడు పొరలు ఎల్లప్పుడును 120 డిగ్రీల కోణమున కలియునని ఆయన గ్రహించెను. ఆయన గ్రంథము 1873 లో వెలువడునాటికి ఆయనకు చూపు పోయి చాలకాలమైనది. ఇతరుల కన్నులతో ప్రయోగములు చేయించి ఆయన ఆ నియమములను స్థాపించెను.

నురుగు నాణ్యత

నురుగును గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న: దానిలో గాలి పాలెంత? గాలి ఘనపరిమాణమును నురుగు మొత్తము ఘనపరిమాణముచే భాగించి 100 చే గుణించినచో వచ్చు సంఖ్యను నురుగు నాణ్యత అందురు. ఇచట నాణ్యత అను మాటకు మంచిచెడులతో సంబంధము లేదు. అది గాలి శాతమును తెల్పు పేరు మాత్రమే.

ఒక లీటరు ద్రావణము పది లీటరుల నురుగైనచో, దానిలో తొమ్మిది లీటరులు గాలి. నాణ్యత 90 శాతము. అదే ఒక లీటరు ఐదు లీటరులైనచో 80 శాతము. ఇరువది లీటరులైనచో 95 శాతము. ఈ అంకెలలో విద్యార్థులు పొరపడు చోటొకటి కలదు. 90 నుండి 95 కు మార్పు స్వల్పముగా తోచును. కాని గాలినిగాక ద్రవమును చూచినచో, 10 శాతమునుండి 5 శాతమునకు, అనగా సరిగ్గా సగమునకు తగ్గినది. పొడిని తడుపునది గాలి కాదు, ద్రవము. కనుక గుళికల దృష్ట్యా ఇది పెద్దమార్పే.

ఒక ఉదాహరణము. కిలో పొడికి 250 మిల్లీలీటరుల ద్రావణము కావలెననుకొందము. ఘనసెంటిమీటరునకు అర గ్రాము చొప్పున వదులుగా నున్న ఆ పొడి రెండు లీటరుల చోటు ఆక్రమించును. దీనిని సమముగా తడుపుటకు పావులీటరు ద్రవము ఎంతో కొంచెముగా కన్పించును. 90 శాతము నాణ్యతగల నురుగుగా మార్చినచో అదే ద్రవము రెండున్నర లీటరులై, పొడికంటె ఎక్కువ చోటు నిండును. కొంచెము వస్తువును విశాలముగా పంచుటకు ముందు దానిని పెంచుటయే ఈ పద్ధతిలోని యుక్తి. పసుపును సున్నిపిండిలో కలిపి ఒంటినిండ రాచుకొనుటవంటి దిది. అయితే ఇచట పెంచుటకు కలిపిన వస్తువు గాలి గనుక, పని ముగియగనే తానే తొలగిపోవును.

పొడిపై ఒక సెంటిమీటరు మందమున నురుగు పరచినామనుకొందము. నాణ్యత 80 శాతమైనచో ఆ చోట పడిన ద్రవము రెండు మిల్లీమీటరుల లోతు. 90 శాతమైనచో ఒక మిల్లీమీటరు. 95 శాతమైనచో అర మిల్లీమీటరు. నాణ్యత తగ్గినకొలది ఒకేచోట ఎక్కువ తడి చేరునని దీనివలన స్పష్టము.

నురుగు నిలకడ

రెండవ ప్రశ్న: ఈ నురుగు ఎంతసేపు నిలుచును? నురుగు పుట్టిన క్షణమునుండియే దానిలోని ద్రవము బరువుచే కాలువలవెంట క్రిందికి జారుచుండును. దానిలోని ద్రవములో సగము జారుటకు పట్టు కాలమును కొలతగా తీసికొందురు. కొన్ని నురుగులకు ఇది కొలది నిముషములు, కొన్నిటికి ఇంకను ఎక్కువ.

నిలకడ తక్కువైనచో ఏమగును? తెడ్లు నురుగును పంచకముందే ద్రవము జారి పొడిలో ఒకేచోట ఇంకును. అది నీరు గుమ్మరించుటకంటె భిన్నము కాదు, ముద్దలు కట్టును. నిలకడ చాలినచో నురుగు పొడిమీద కొంతసేపు తేలియుండును. తెడ్లు దానిని సాగదీసి, త్రుంచి, పొడి అంతటికిని పంచును. ప్రతి చిన్న తునుకయు తాను తాకిన చోటనే కొద్దికొద్దిగా ద్రవము నిచ్చి అణగిపోవును.

బుడగ పరిమాణము, ద్రావణపు చిక్కదనము నిలకడను శాసించును. బుడగలు చిన్నవైనచో కాలువలు సన్నబడి ద్రవము మెల్లగా జారును. గాలి, ద్రవము పాళ్లు మారక, బుడగ వ్యాసము సగమైనచో జారు వేగము సూత్రప్రకారము సుమారు నాలుగవవంతగును. ద్రావణపు స్నిగ్ధత రెట్టింపైనచో వేగము సగమగును. బుడగలన్నియు ఒకే పరిమాణమున నుండుటయు అవసరమే. చిన్న బుడగలో గాలి ఒత్తిడి ఎక్కువ, పెద్దదానిలో తక్కువ. అందుచే చిన్నదానినుండి పెద్దదానిలోనికి పొరద్వారా గాలి చేరుచుండును. చిన్నవి మాయమై, పెద్దవి మరింత పెద్దవై, నురుగు ముతకబారును.

అయితే జిగురు చిక్కన చేసినకొలది మేలనుకొనుట పొరపాటు. చిక్కని ద్రావణములోనికి గాలిని చిలుకుట కష్టము. పైగా అది రేణువుల సందులలోనికి నెమ్మదిగా ఇంకును. జిగురు హెచ్చినచో గుళిక గట్టిపడును. మరీ గట్టిదైన గుళిక కడుపులో త్వరగా విడిపోక, మందు కరుగుట ఆలస్యము కావచ్చును. ఒకచోట పొందిన లాభమునకు మరియొకచోట వెల చెల్లింపవలసి యుండును.

పొడిపై నురుగు నడక

తుంపరలోని బొట్టు పొడిపై పడినపుడు నేరుగా సందులలోనికి దిగి గుండ్రని ముద్దయగును. నురుగు అట్లు కాదు. దాని అడుగున పొడిని తాకిన పొరలు మాత్రమే పగులును; ఆ ద్రవమును రేణువుల సందులు కేశనాళికలవలె పీల్చుకొనును. పైనున్న నురుగు క్రిందికి దిగుచు, ప్రక్కలకు కూడ వ్యాపించును.

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయమున టాన్, హాప్‌గుడ్ మొదలగువారు దీనిని వివరముగా పరిశీలించిరి. 2009 లో ప్రకటించిన ప్రయోగములలో కదలని పొడిపై బొట్టును, నురుగును వేసి అవి ఇంకు తీరును పోల్చిరి. తరువాత 2011, 2012 లలో తెడ్లుగల గిన్నెలలో గుళికలు కట్టు తీరును ప్రకటించిరి. వారి పరిశీలనలలో రెండు విధములైన నడకలు కన్పించినవి.

మొదటిది ద్రవము జారుటచే నడచునది. నాణ్యత తక్కువైన తడినురుగు, మెల్లని కలియబెట్టుడు కలిసినచోట ఇది పైచేయి యగును. ద్రవము తనంతట తాను పొడిలోనికి దిగి, కొన్నిచోట్ల ఎక్కువగా చేరి, ముతక గుళికలను పుట్టించును. చిన్నవి, పెద్దవి కలగలుపుగా నుండును. రెండవది తెడ్లచే నడచునది. నాణ్యత హెచ్చైన గట్టినురుగు త్వరగా జారదు గనుక తెడ్ల పంపకమునకు లోబడును. అట్టి కేంద్రకములు చిన్నవిగను, ఒకే తీరుగను ఉండును.

ఉపాధ్యాయులు ఇచటొక విషయము నొక్కి చెప్పవలెను. నురుగు ఒక్కటియే ఫలితమును నిర్ణయింపదు. తెడ్లు మిక్కిలి వేగముగా తిరుగు యంత్రములో నాణ్యతాభేదముల ప్రభావము తగ్గును. ఏ నురుగు వేసినను తెడ్లు దానిని చీల్చి పంచివేయును. తెడ్లు మెల్లగా తిరుగునపుడే నురుగు గుణములు బాగుగ బయటపడును. కనుక నురుగును, యంత్రమును జోడుగా ఎన్నుకొనవలెను.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున థాంప్సన్ మొదలగువారు ఈ పద్ధతిని రెండు మరలు ప్రక్కప్రక్కన తిరుగు గొట్టపు యంత్రములో ప్రయోగించి 2012 లో ప్రకటించిరి. ఈ యంత్రములో ఒక చివర పొడి ప్రవేశించును, మధ్యలో నురుగు చేరును, రెండవ చివర తడిగుళికలు వెలువడును. గిన్నె గిన్నెగా కాక ఎడతెగక సాగు తయారీకి ఇది అనుకూలము. ఇట్టి ఇరుకైన గొట్టములో నీటిని సూటిగా పోసినచో పడినచోటనే ముద్దకట్టు భయము కలదు. నురుగు పొడిపై పరచుకొనుచు తడుపును.

పరిమితులు

నురుగు సర్వరోగనివారిణి కాదు. నురుగులో నున్నదియు నీరే. నీటిచే చెడు మందులకు, ఆరబెట్టునపుడు వేడికి ఓర్వలేని మందులకు ఈ పద్ధతి పనికిరాదు. వానికి పొడిని పొడిగనే నొక్కి గుళికలు చేయు పద్ధతులు వేరుగ నున్నవి. అన్ని బంధకములును మంచి నురుగు కట్టవు. నీరంటని పొడిపై నురుగు నిలిచియుండును గాని ఇంకదు; అపుడు భారమంతయు తెడ్లపైననే పడును. మరియు తుంపరను చక్కగా అదుపులో నుంచినచోట, తుదిగుళికలలో నురుగునకును తుంపరకును చెప్పుకోదగిన తేడా రాకపోవచ్చును. నురుగువలని ముఖ్యలాభము నాజిలు బాధ తప్పుట, ద్రవమును త్వరగా కలుపగలుగుట, ముద్దలు తగ్గుట.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఈ సూత్రములను పాఠశాలలో సులభముగా చూపవచ్చును. కావలసినవి: కుంకుడురసము, 100 మిల్లీలీటరుల కొలజాడీ, గడియారము, మైదాపిండి, తేయాకు జల్లెడ, త్రాసు.

వడగట్టిన కుంకుడురసమును 10 మిల్లీలీటరులు కొలజాడీలో పోసి, మూతి మూసి, నురుగు 100 గీతను చేరువరకు గట్టిగా ఊపవలెను. అడుగున ద్రవమేమియు మిగులనిచో నురుగు నాణ్యత 90 శాతము. మిగిలినచో ఆ మేరకు తగ్గించి లెక్క కట్టవలెను. తరువాత జాడీని కదల్పక నిలిపి, 5 మిల్లీలీటరుల ద్రవము తిరిగి అడుగున చేరుటకు పట్టిన కాలమును గుర్తింపవలెను. రసములో కొద్దిగా గంజి కలిపి చిక్కబరచి మరల చేసినచో కాలమెట్లు మారునో విద్యార్థులే కనుగొందురు.

పిదప రెండు పళ్లెములలో సమానముగా మైదా పరచి, ఒకదానిపై 5 గ్రాముల రసమును ఒకేచోట పోయవలెను. రెండవదానిపై 5 గ్రాముల బరువుగల నురుగును చెంచాతో పరచవలెను. రెండింటిని ఒకే వేగముతో, ఒకే సంఖ్యలో త్రిప్పి, ఆరనిచ్చి, జల్లెడపై మిగిలిన ఉండలను తూచి పోల్చవలెను. నురుగును కొలుచునపుడు ఘనపరిమాణముగాక బరువు చూచుట ఏల అను ప్రశ్న అడిగినచో, నాణ్యతను గూర్చిన పాఠము విద్యార్థులకు ఎంత పట్టుబడినదో తెలియును. కుంకుడురసము కండ్లలో పడకుండ జాగ్రత్త వహింపవలెను. ప్రయోగపు పిండిని తినరాదు.

ముగింపు

ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ 1961 లో ఏర్పడి, హైదరాబాదున కర్మాగారము నెలకొల్పిన తరువాత ఆ నగరపు పరిసరములలో ఔషధపరిశ్రమ విస్తరించినది. ఇప్పటి ఉన్నతపాఠశాలల విద్యార్థులలో కొందరైనను రేపు అట్టి కర్మాగారములలో పొడులను, ద్రవములను, యంత్రములను అదుపు చేయువారగుదురు. తలతన్యత, స్నిగ్ధత, కేశనాళికత్వము అను మాటలు వారికి పరీక్షలో వ్రాయు నిర్వచనములుగానే మిగిలిపోరాదు. బిళ్ల మ్రింగు రోగి దానిని తూచి చూడలేడు, విప్పి చూడలేడు. పెట్టెలోని మొదటి బిళ్లకును చివరి బిళ్లకును భేదము లేదని నమ్మి మ్రింగును. ఆ నమ్మకము నిలుచుటకు, పొడిలో ప్రతి తడిచుక్కయు ఎచట పడవలెనో అచటనే పడవలెను. ఆ పంపకమును సమముగా జరిపించుటకు శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్న సాధనములలో, క్షణములో అణగిపోవు నురుగు ఒకటి.